మూడో పిలుపు

ఈ జ్ఞాపకంలో ఎవరి పేరూ ఉండదు. ముందే చెబుతున్నాను, తరువాత వెతుక్కోకండి. విషయమంతా ఒక పేరు గురించే కాబట్టి ఇది కాస్త విడ్డూరంగా ఉంటుందని నాకూ తెలుసు. కానీ ఆ పేరును నోరారా పలికే హక్కు లోకంలో ఒకే ఒక్కాయనకు ఉండేది. ఆయనే దాన్ని మహా పొదుపుగా వాడాడు. మధ్యలో నేనెవణ్ణి?

నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం మందుల కంపెనీ ప్రతినిధిగా గడిచింది. అంటే నల్ల సంచి ఒళ్ళో పెట్టుకుని డాక్టర్ల గదుల బయట కూర్చోవడం. చిత్తూరు, పుత్తూరు, గూడూరు, నడుమ తిరుపతి. ఏ ఊరి ఆసుపత్రి బెంచీకి ఏ కాలు ఊగుతుందో నాకు కంఠతా వచ్చు. కొన్నాళ్ళు జ్ఞాపకశక్తిని పెంచే సిరప్ ఒకటి అమ్మాను. పరీక్షల ముందు బాగా పోయేది. దాని పేరేమిటో ఇప్పుడు గుర్తు రావడం లేదు.

రిటైరయ్యాక తిరుపతిలో ఒక డాక్టరమ్మ కబురు పెట్టింది. ఆమె అప్పటికి ప్రాక్టీసు తగ్గించుకుని, మతిమరుపు జబ్బు వచ్చిన పెద్దవాళ్ళ కోసం, వాళ్ళను కనిపెట్టుకుని ఉండేవాళ్ళ కోసం ఒక చిన్న సంస్థ పెట్టి, అద్దె ఇంట్లో నడుపుతోంది. "ఇన్నేండ్లు నా గది బయట కూర్చున్నావు గదా. ఇంక లోపల కూర్చో" అంది. నా రెండో ఉద్యోగానికి జరిగిన ఇంటర్వ్యూ అంతే.

ఇప్పుడు మీలో కొందరు సెలవు రోజున ఏదైనా సేవ చేద్దామని మా కేంద్రానికి ఫోన్ చేసి, "అక్కడ పని ఏముంటుంది సార్?" అని అడుగుతుంటారు. కూర్చోవడం, అంటాను. అవతలి గొంతులో ఉత్సాహం కాస్త తగ్గుతుంది. కానీ నిజంగా పని అదే. పొద్దున పెద్దవాళ్ళను ఆటోల్లో తెచ్చి దింపుతారు, సాయంత్రం వచ్చి తీసుకుపోతారు. ఈలోపు వాళ్ళ పక్కన కూర్చుని మాట్లాడతాం, పాటలు పాడిస్తాం, అన్నం తినిపిస్తాం, కాలం వస్తే అనపకాయలు ఒలిపిస్తాం. ఒలిచిన గింజలను మళ్ళీ పొట్టులో కలిపేసి మళ్ళీ ఒలిపిస్తామని బయట ఒక పుకారుంది. అది అబద్ధం. కలిపేసేది వాళ్ళే.

మేం వాళ్ళ పక్కన కూర్చున్న ఆ కాసిన్ని గంటల్లో వాళ్ళ భార్యో, కొడుకో, కోడలో ఇంటికి పోయి తలుపేసుకుని నిద్రపోతారు. ఇన్నేళ్ళూ నేను అమ్మిన ఏ సీసాలోనూ ఇంత పనిచేసే సరుకు లేదు.

మా కేంద్రంలో వంటా, ఆయా పనీ రెండూ చేసే ఆమె ఒకతె ఉంది. పుత్తూరు పక్క పల్లెటూరు. గొంతు పెద్దది. వంటింట్లోంచి నాతో ఏదైనా అంటే వీధిలో పాలతను సమాధానం చెబుతాడు. ఈ గొంతు సంగతి కాస్త గుర్తు పెట్టుకోండి.

ఇక ఆయన. ఆయన చిత్తూరు కోర్టులో బంట్రోతుగా చేసి రిటైరైన మనిషి. కోర్టు మెట్లెక్కే అవసరం పడనివారి కోసం చెబుతాను. విచారణకు కేసు రాగానే బంట్రోతు వరండాలోకి వచ్చి ఆ మనిషి పేరును, తండ్రి పేరో భర్త పేరో కలిపి, మూడుసార్లు పిలుస్తాడు. మూడో పిలుపుకు కూడా పలకకపోతే మనిషి రానట్టే. లోపల కాగితం తిరిగిపోతుంది. టీ తాగడానికి పోయి పొలం పోగొట్టుకున్నవాళ్ళున్నారు. అందుకని ఆ పిలుపు ఆవరణంతా వినబడాలి. చెట్టు కింద చద్దిమూట విప్పుకున్నవాడికీ వినబడాలి, వకీలు వెనక పరిగెత్తేవాడికీ వినబడాలి. ఈయన పిలుపు రోడ్డు దాటి బస్సు కోసం నిలబడినవాళ్ళకు కూడా వినబడేదని, ఏ కేసూ లేనివాళ్ళు సైతం ఉలిక్కిపడి జేబులు తడుముకునేవారని చిత్తూరులో చెప్పుకునేవాళ్ళు.

ఉద్యోగం అయిపోయాక భార్యాభర్తలు తిరుపతికొచ్చి ఒక చిన్న ఇంట్లో అద్దెకున్నారు. జబ్బు అక్కడే మొదలైంది. ఆమె ఆయన్ను మా దగ్గరికి తీసుకొచ్చే నాటికి కూతురిని మరిచిపోయాడు. అన్నం తిన్నదీ లేనిదీ మరిచిపోయాడు. ఆయన పేరుతో పిలిస్తే పక్కనున్నవాణ్ణి చూసేవాడు. పిలుపు మాత్రం పోలేదు.

మొదటిరోజే తెలిసింది. కాఫీ గ్లాసు కింద పెట్టి లేచి, వాకిట్లోకి పోయి నిలబడ్డాడు. డ్యూటీలో వేసుకునే ఎర్ర పట్టీని, దానికుండే ఇత్తడి బిళ్ళను సరిచేసుకుంటున్నట్టు ఎడమ భుజం నుంచి కుడి నడుము దాకా చేత్తో నిమురుకున్నాడు. తరువాత పిలిచాడు. మాలో ఎవరమూ వినని పేరు, దాని వెనక తండ్రి పేరు. గోడ మీది కాకులు లేచిపోయాయి. రెండోసారి. మూడోసారి. ఎవరూ పలకలేదు. ఆయన వీధిలోకి తొంగి చూశాడు. చెమటలు పట్టాయి.

"యాడికి పోయినాడో! పాపం, పొలం పోతాది వానిది" అంటూ అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టాడు. డాక్టరమ్మ మాటలకు తగ్గలేదు, నా బుజ్జగింపులకు తగ్గలేదు. అప్పుడు వంటింట్లోంచి మా ఆయా, చేతిలో గరిటెతోనే, "ఉన్నా సామీ!" అని కేకేసింది.

ఆయన మొహం తేటపడింది. "చెప్పులు ఆడ ఇడిచి లోపలికి రా. భయపడబాక. జడ్జిగారు మంచోడే" అన్నాడు. వచ్చి కూర్చుని మిగిలిన కాఫీ తాగాడు.

ఆనాటి నుంచి అదే మా కేంద్రం పద్ధతి అయిపోయింది. ఆయన ఎవరిని పిలిచినా, చేతులు ఖాళీగా ఉన్నవాళ్ళు "ఉన్నా సామీ" అనాలి. అలా నేను గొర్రెల దొంగతనం కేసులో చాలాసార్లు హాజరయ్యాను. ఆ గొర్రెల దొంగంటే ఆయనకు ప్రత్యేకమైన అభిమానం ఉన్నట్టుంది, తరచూ పిలిచేవాడు. డాక్టరమ్మ నాటుసారా కేసుకు వచ్చేది. నేను మందుల కంపెనీలో చెప్పిన మాటలకు పడాల్సిన శిక్షలు ఇలా వాయిదాల మీద పడుతున్నాయని ఆమె అనేది. అందరికంటే చురుకు ఆయానే. మూడో పిలుపు దాకా ఎప్పుడూ రానిచ్చేది కాదు. "ముసలాయన గొంతు నొప్పెట్టదా సార్? ఒగ మాటకి మనకేం కరుసు?" అనేది.

నెలకొకసారి ఇళ్ళల్లో వీళ్ళను చూసుకునేవాళ్ళందరినీ పిలిచి మాట్లాడిస్తాం. ఆయన భార్య కూడా వచ్చేది. చిన్న మనిషి. కుర్చీలో ఎప్పుడూ అంచునే కూర్చునేది, ఏ క్షణాన్నయినా లేచి పరిగెత్తాల్సి వస్తుందన్నట్టు. ఒకసారి డాక్టరమ్మ అందరినీ ఒకే ప్రశ్న అడిగింది: "వాళ్ళ దగ్గర మీకు ఏది లేకుండా పోయిందని బెంగ?"

తల్లిని చూసుకుంటున్న ఒక టైలరు ముందుగా అందుకున్నాడు. "మా అమ్మీ తిట్లు మేడమ్. పొద్దున లేస్తే తిట్టేది. ఇప్పుడు మర్యాదగా, మీరెవురు నాయనా, అంటాది. ఆ మర్యాద నేను తట్టుకోలేకుండా ఉండా" అన్నాడు.

ఆమె వంతు వచ్చింది. "నవ్వుతారు. నేను సెప్పను" అంది.

"నవ్వం, సెప్పక్కా" అన్నాడు టైలరు.

"మా ఇంటాయన ఊరందరి పేర్లు పిల్చినాడు సార్. గొర్రిల దొంగని పిల్చినాడు, వాళ్ళ నాయన పేరుతో సహా. నా పేరు మాత్రం ఒగనాడూ పిలవలా. ఏమే, ఇదిగో... అంతే. పెండ్లప్పుడు ఆడబిడ్డలు వాకిట్లో అడ్డం నిలబడి, పెండ్లాం పేరు సెప్పి లోపలికి రా అంటే, గోడ దూకి పెరట్లోనించి లోపలికి పోయినాడు. నేనొగదాన్నే నిలబడుకోని ఉండా వాకిట్లో."

ఇప్పటి మీకు ఇది వింతగా ఉండవచ్చు. మీరు నిశ్చితార్థానికి ముందే పేర్లు పెట్టి పిలుచుకుంటారు, పేర్లు చాలక ముద్దుపేర్లు కూడా పెట్టుకుంటారు. ఆ తరంలో మొగుడూ పెళ్ళాం ఒకరి పేరు ఒకరు పలకడమంటే నలుగురిలో చేయి పట్టుకున్నంత పని.

"పెండ్లయిన కొత్తలో క్యారియరు తీసకపోయి కోర్టు వరండాలో నిలబడేదాన్ని" అందామె. "ఆ గొంతుతో ఎవురెవురినో పిలస్తా ఉంటే నాకు కుళ్ళు సార్. మనకీ ఒగ కేసుంటే బాగుండు గదా అనిపించేది."

"ఆయన మీదే ఏసుండాల్సిందక్కా" అన్నాడు టైలరు.

నవ్వం అన్నవాళ్ళమంతా నవ్వాం. ఆమె కూడా నవ్వింది. నవ్వు ఆగాక, "ఇప్పుడు ఏమే అని కూడా అనడంలే. నన్ను సూసి, ఏమ్మా, కేసుండాదా, అంటాడు" అంది. చీర కొంగును వేలికి చుట్టుకుంటూ, "ఒగసారి పిలిస్తే సాలు. పలికి, గమ్మున నా పనికి నేను పోతా" అంది.

ఆమె ఆ మాట అన్నాక మేం ఊరుకోలేకపోయాం. చదువుకున్నవాళ్ళం కదా. పెళ్ళి ఫోటో తెప్పించి చూపించాం. పక్కనున్న వరుణ్ణి చూసి, "ఈ పిల్లోడు దొంగ సూపులు సూస్తా ఉండాడు" అన్నాడు. ఒకరోజు నేనే జడ్జిగారి దర్జాతో కుర్చీలో కూర్చుని, ఆమె పేరు చెప్పి, "పిలువయ్యా" అన్నాను. ఆయన నన్ను జాలిగా చూశాడు. "కేసు నెంబరు లేకుండా ఎట్ల పిల్చేది సార్? ఉద్యోగం పోతాది" అన్నాడు. దాంతో మా వైద్యం ముగిసింది.

కొన్నాళ్ళకు స్నానాల గదిలో జారబోతున్న ఆయన్ను పట్టుకోబోయి ఆమె పడింది. కుడి మణికట్టు వాచింది. గుడ్డ చుట్టుకుని అలాగే వంటా వార్పూ చేస్తోంది. పుత్తూరు పోయి ఎముకల కట్టు కట్టించుకో అమ్మా అంటే, "ఆయన్ని ఎవురు సూస్తారు సార్?" అనేది. మమ్మల్ని ఎదురుగా పెట్టుకుని ఆ మాట అనేది.

చివరికి మా కేంద్రం వార్షికోత్సవం నాడు పంపాం. ఆ రోజు సిబ్బంది అందరం ఉంటాం, ఆయన మీద అందరి కళ్ళూ ఉంటాయి. ఆటో ఎక్కబోతూ ఆగింది.

"నేను లేనప్పుడు ఎతుక్కుంటాడేమో సార్."

ఆమె ఎవరో ఆయనకు తెలియదన్న సంగతి నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు. మా ఆయానే ఆమెను భుజం పట్టి ఆటోలో కూర్చోబెట్టింది. "నువ్వు పో పెద్దమ్మా. సాయంత్రం దాకా ఈడ నేను లేనా?" అంది.

వార్షికోత్సవానికి చిత్తూరు నుంచి ఒక మామిడి మండీ యజమాని ముఖ్య అతిథి. మాకు కుర్చీలు ఇచ్చిన మనిషి, మంచివాడు. వీధిలోనే షామియానా వేశాం. ఆ అతిథిగారు మతిమరుపు గురించి మాట్లాడుతూ భోజనాల వేళ మరిచిపోయారు. అందరూ ఓపికగా ఉన్నారు. వంటింట్లోంచి సాంబారు వాసన వస్తున్నకొద్దీ ఓపిక సన్నబడుతోంది.

అప్పుడు మా బంట్రోతుగారు ముందు వరసలోంచి లేచారు. వాకిట్లోకి పోయి నిలబడ్డారు. భుజం నుంచి నడుము దాకా లేని పట్టీని నిమురుకున్నారు. గొర్రెల దొంగ వస్తున్నాడనుకుని నేను "ఉన్నా" అనడానికి నోరు సిద్ధం చేసుకున్నాను.

ఆమె పేరు పిలిచాడు.

ఇంటిపేరు, పేరు, కాస్త ఆగి, "భర్త" అని, దాని వెనక తన పేరు. తన పేరు ఆయన నోట మేం వినడం అదే మొదలు. ఆమె పేరులో మూడో అక్షరానికి దీర్ఘం లేదు. ఆయన పెట్టాడు. ఆ దీర్ఘం వీధి చివరిదాకా పోయి మలుపు తిరిగినట్టనిపించింది. మండీ యజమాని మైకు ముందు ఆగిపోయారు. డాక్టరమ్మ నా వైపు చూసింది. ఆ పేరు ఎవరిదో అక్కడ మా ఇద్దరికే తెలుసు.

నేను ఫోన్ తీసి ఆమెకు కలిపాను. మోగుతోంది. ఆ సమయానికి ఆమె పుత్తూరులో, వెదురు బద్దల మధ్య చేయి పెట్టి, కోడిగుడ్డు తెల్లసొన పట్టించుకుంటూ ఉందని తరువాత తెలిసింది. ఫోను సంచిలో ఉంది. రెండోసారి పిలిచాడు. నా చేతిలో ఫోను మోగుతూనే ఉంది. తీసుంటే, ఎత్తిపట్టి వినిపించేవాణ్ణి.

ఆయన మూడోసారికి ఊపిరి తీసుకున్నాడు.

"ఉన్నా సామీ!"

వంటింట్లోంచి. సాంబారు గిన్నె దించుతూ. పాలతను వినేటంత గొంతుతో.

"చెప్పులు ఆడ ఇడిచి లోపలికి రా. భయపడబాక" అని, ఆయన ప్రశాంతంగా వచ్చి కూర్చున్నాడు. అతిథులంతా చప్పట్లు కొట్టారు. కార్యక్రమంలో భాగమనుకున్నారు. వీడియో తీస్తున్న ఆటో డ్రైవరు ఒక్క నిమిషం ముందే ఫోను జేబులో పెట్టి విస్తరాకులు వేయడానికి పోయాడు. మండీ యజమానిగారి ప్రసంగం మాత్రం మా దగ్గర పూర్తిగా ఉంది. కావలసినవారు అడగవచ్చు.

భోజనాల మధ్యలో ఆయాకు విషయం చెప్పాను. ఆమెకు ఆ పెద్దావిడ ఎప్పుడూ పెద్దమ్మే, పేరుతో పనిపడలేదు.

"ఆ పేరు పెద్దమ్మదా సార్?" అంది. నేను తలూపాను. గరిటె పక్కన పెట్టి వంటింట్లో నేల మీద కూలబడింది. "గమ్మునుంటే మూడోసారి పిల్చుండేవాడే. నా నోరు పడిపోను" అంది. ఆమె తప్పేముంది? ఆ పద్ధతి మేమందరం కలిసి పెట్టుకున్నదే. మాలో ఎవరు వంటింట్లో ఉన్నా అదే మాట అనేవాళ్ళం. చెప్పాను. ఆమెకు ఎక్కలేదు. ఆ పూట అన్నం ముట్టలేదు.

మధ్యాహ్నమంతా ఆయన చుట్టూ తిరిగాం. ఆయన ఇద్దరు ముగ్గురిని పిలిచాడు. ఆమెను కాదు. ఆమె హాజరైపోయింది కదా, మళ్ళీ ఎందుకు పిలుస్తాడు?

ఆమెకు చెప్పాలా వద్దా అన్నది సాయంత్రం ప్రశ్న. డాక్టరమ్మ చెప్పాలంది. ఆయా వద్దంది, "సెప్తే ఆ ముసలామె గుండి పగిలిపోతాది" అంది. నేను ఏదీ అనలేదు. మందులమ్మిన అనుభవం.

ఆమె కట్టుతో ఆటో దిగింది. మా ముగ్గురి మొహాలు చూసి, "ఆయనకేమైంది?" అంది. ఇక తప్పలేదు. డాక్టరమ్మ చెప్పింది.

"ఎట్ల పిల్చినాడు సార్?" అని నన్ను అడిగింది.

"గట్టిగా" అన్నాను.

"గట్టిగానే పిలస్తాడు గదా. మా నాయన పేరుతోనా, ఆయన పేరుతోనా?"

"ఆయన పేరుతోనే. భర్త ఫలానా అని."

"ఆయన పేరు ఆయనే సెప్పినాడా?" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె వయసు ఎంతో నాకు తెలియలేదు.

ఆయా తలుపు చాటు నుంచి వచ్చింది. "రెండుసార్లు పిల్చినాడు పెద్దమ్మా. మూడోది నేనే పిలవనీలా. నేనే పలికేసినా" అని ఏడ్చింది.

"నువ్వు పలక్కపోతే ఆయన అల్లాడిపోయుండేవాడు గదా. మంచి పనే చేసినావులే" అందామె. ఎడమచేత్తో ఆయా మొహం తుడిచింది. తరువాత నా వైపు తిరిగి, "సార్, రెండు ఆయన పిల్చేసినాడు. నేను యినలా గానీ, పిల్చింది పిల్చినట్టే గదా. ఇంక మూడోది మీరు పిలవండి" అంది.

నేను చాలా రకాల పనులు చేశాను. ఇంత కష్టమైన పని ఎవరూ చెప్పలేదు. ఆమె నా జవాబు కోసం ఆగలేదు. గేటు దాటి, వీధిలో, షామియానా గుంజ పక్కన చెప్పులతోనే నిలబడింది. నేను వాకిట్లోకి పోయి నిలబడ్డాను. నా వెనక లోపలి బెంచీ మీద ఆయన కూర్చుని ఉన్నాడు. గొంతు సవరించుకుని ఆమె పేరు పిలిచాను. బట్టల షాపులో బిల్లుకు పిలిచినట్టు వచ్చింది.

"ఏమప్పా, కొత్తగా చేరినావా?" అన్నాడు ఆయన వెనకనుంచి.

"అవునండీ" అన్నాను.

"అది పిలుపా? చెట్టు కిందోళ్ళకి ఇనపడాల. గొంతులోంచి గాదు, కడుపులోంచి రావాల. ఇట్ల సూడు" అని లేచి, నా పక్కన నిలబడి, ఊపిరి తీసుకున్నాడు. గుంజ పక్కన ఆమె తల పైకెత్తింది. ఆయా కొంగుతో నోరు గట్టిగా మూసుకుంది. నేను కళ్ళు మూసుకున్నాను.

గొర్రెల దొంగను పిలిచాడు.

వీధిలోంచి ఆమె నవ్వు వినబడింది. నవ్వేనా అని నేను తరచి చూడలేదు. దొంగ తరఫున నేనే, "ఉన్నా సామీ" అన్నాను.

"ఆ, అదీ. ఇప్పుడు నువ్వు పిలువు. ఇందాకటిది లెక్కలోకి రాదు" అని పోయి బెంచీ మీద కూర్చున్నాడు.

పిలిచాను. ఇంటిపేరు, పేరు, భర్త, ఆయన పేరు. మూడో అక్షరానికి దీర్ఘం కూడా పెట్టాను. ఎదురింటివాళ్ళు బయటికి వచ్చారు. ఆయన తన పేరు విని పక్కకు చూశాడు, ఎవరా అని.

"ఉన్నాను" అందామె. చాలా మెల్లగా అంది. అంత మెల్లగా పలికితే ఏ కోర్టులోనూ వినబడదు. ఆయనకు వినబడింది.

"చెప్పులు ఆడ ఇడిచి లోపలికి రామ్మా. భయపడబాక. జడ్జిగారు మంచోడే."

ఆమె గడప దగ్గర చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. ఆయన బెంచీ మీద కాస్త జరిగి చోటు చూపించాడు. కట్టు చూసి నొచ్చుకున్నాడు.

"కూచోమ్మా. ఎప్పుట్నించి కాసుకోని ఉండావు?"

"పెండ్లయినప్పుట్నించి సామీ" అంది.

"పాపం" అన్నాడు ఆయన. "కోర్టు పనులంటే అంతేనమ్మా. టైం పడతాది."

ఇద్దరూ అలాగే కూర్చున్నారు. మేం కుర్చీలు లోపలికి మోసే పనిలో పడ్డాం. ఆ సాయంత్రం ఇంటికి పోయి నేను మా ఆవిడను పేరు పెట్టి పిలిచాను. ఆమె పొయ్యి ఆపేసి వచ్చి నా నుదుటి మీద చేయి పెట్టి చూసింది.

తరువాత ఆయన ఎంతోకాలం లేడు. నేనూ ఆ ఉద్యోగం మానేసి, ఇప్పుడు ఓపికున్న రోజు పోయి కూర్చునేవాళ్ళలో ఒకణ్ణయ్యాను. మా వాకిలి ఇప్పుడు నిశ్శబ్దంగా ఉంటుంది. గోడ మీది కాకులు ఎవరికీ భయపడవు. ఆ గొర్రెల దొంగగా నన్ను ఇంకొక్కసారి ఎవరైనా పిలిస్తే బాగుండునని, నమ్మండి, నాకు అనిపిస్తుంటుంది.

ఆమె మాత్రం వస్తుంది. వేరేవాళ్ళ అమ్మల పక్కన, నాన్నల పక్కన కూర్చుంటుంది. ఆ గంటల్లో ఎవరో ఒకరు ఇంటికి పోయి నిద్రపోతారు. వచ్చినప్పుడు గడప దగ్గర చెప్పులు విడిచి, వెంటనే లోపలికి రాదు. రవ్వంతసేపు అక్కడే నిలబడుతుంది. అది చూసి వంటింట్లో మా ఆయా గరిటె కూడా కదపదు. మేమెవరమూ మాట్లాడం.

తరువాత తనే లోపలికి వస్తుంది.